దాచిపెడితే తెరకథ అవుతుందా?

కథ పట్టుకుని హైదరాబాదు వెళ్ళొచ్చిన ఏ కుర్రాణ్ణి అడిగినా ఒకటే చెబుతాడు. సిట్టింగులో కూర్చున్న పది నిమిషాలకి అవతలివాళ్ళ నోటి వెంట వచ్చే ప్రశ్న, "ట్విస్ట్ ఏంటి?" ఇంటర్వెల్ దగ్గర ఒకటి కావాలి, క్లైమాక్సుకి ముందు ఒకటి కావాలి, వీలుంటే ఆఖరి షాట్లో ఇంకొకటి కొసరు. అవి లేకపోతే "స్క్రీన్‌ప్లే వీక్‌గా ఉంది" అనేసి టీ తెప్పిస్తారు. టీ వచ్చిందంటే కథ అయిపోయిందని అర్థం. తెరకథ రాయడమంటే చూసేవాడి దగ్గర ఏదో ఒకటి దాచి, అదను చూసి మొహాన కొట్టడమేనని పరిశ్రమలో ఒక నమ్మకం పాతుకుపోయింది. రాసేవాళ్ళే కాదు, చూసేవాళ్ళు కూడా దీన్నే నమ్ముతున్నారు. మొదటి ఆట చూసొచ్చినవాడు కథ చెప్పబోతే చెవులు మూసుకుంటున్నారు.

ఈ నమ్మకానికి తోకలాగా ఇంకో మాట వేలాడుతుంటుంది. "పాత సినిమాల్లో స్క్రీన్‌ప్లే ఎక్కడిదండీ? పురాణాలు. వ్యాసుడు రాసిపెట్టాడు, వీళ్ళు కిరీటాలు పెట్టి తీశారు. రామారావు, రంగారావు, సావిత్రి ఉన్నారు కాబట్టి ఆడాయి." తెలిసిన కథలో దాచడానికేమీ ఉండదు, దాచడానికి లేనిచోట స్క్రీన్‌ప్లే ఉండదు, ఇదీ లెక్క. సినిమా చదువులు చదివినవాళ్ళు కూడా ఈ లెక్క వల్లిస్తుంటే వినలేక ఇది రాస్తున్నాను. రెండు మాటలూ తప్పే. రెండోది మరీ తప్పు.

ముందు వ్యాసుడి సంగతి తేల్చేద్దాం. 'మాయాబజార్' కథ వ్యాసుడు రాయలేదు. వ్యాస భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడి కూతురు శశిరేఖ, ఆమె పెళ్ళి గొడవ, ఘటోత్కచుడు ఆడపిల్ల వేషం వేయడం, ఇదంతా జనం నోట పుట్టి, నాటకాల్లో పెరిగిన కథ. 1936లోనే ఒకసారి సినిమాగా వచ్చింది కూడా. 1957 మార్చి 27న విజయావారు విడుదల చేసిన సినిమాకి కె.వి.రెడ్డి దర్శకుడు. కథ, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావువి. పింగళి పుట్టింది రాజాంలో అయినా పెరిగింది మా బందరులో, నాటకాల మధ్య. చేతికొచ్చిన కథని ఆయనా, కె.వి.రెడ్డీ కలిసి ఎలా కోశారో చూడండి. భారతం చుట్టూ అల్లిన కథలో పాండవులు తెర మీద కనిపించరు. ఒక్కరంటే ఒక్కరు కూడా లేరు. జూదం మన కళ్ళ ముందు జరగదు, దాని దెబ్బ మాత్రం ద్వారకలో తగులుతుంది. రాజ్యం పోయిన చెల్లెలి కొడుక్కి పిల్లనిస్తానన్న మాట బలరాముడికి బరువైపోతుంది. ఇంత పెద్ద కోత కోయాలంటే కథ ఎవరిదో తెలిసుండాలి. ఇది పెళ్ళి మాట తప్పిన ఒక ఇంటి కథ. కురుక్షేత్రం కథ కాదు. దీన్ని స్క్రీన్‌ప్లే అనకపోతే మరేమనాలో ఆ మేధావులే చెప్పాలి. సన్నివేశానికి ఎన్ని నిమిషాలు పడుతుందో స్టాప్‌వాచ్ పట్టుకుని ముందే తేల్చుకుని, స్క్రిప్టు ముగిశాక అక్షరం కదలనివ్వని మనిషిగా కె.వి.రెడ్డికి పేరు. "పాతవాళ్ళకి స్క్రీన్‌ప్లే తెలీదు" అనేవాళ్ళలో సెట్టు మీద డైలాగులు రాసుకునేవాళ్ళే ఎక్కువ. అదో విచిత్రం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఘటోత్కచుడు నిద్రపోతున్న శశిరేఖని ఎత్తుకెళ్ళి తన దగ్గర దాచి, తను శశిరేఖ రూపంలో ద్వారకలో కూర్చుంటాడు. ఈ సంగతి మనకి ఎప్పుడు తెలుస్తుంది? జరిగిన క్షణంలోనే. మన కళ్ళ ముందే మారతాడు. దాచలేదు.

ఇదే కథ ఇవాళ ఒక ట్విస్టు రచయిత చేతిలో పెట్టండి. ఏం చేస్తాడు? మార్పిడి సన్నివేశం తీసి పారేస్తాడు. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడితో పెళ్ళికి శశిరేఖ ఒప్పుకున్నట్టు చూపిస్తాడు. మనం నిట్టూరుస్తాం, అభిమన్యుడు అన్యాయమైపోయాడనుకుంటాం. పెళ్ళిపీటల మీద తాళి కట్టబోయే సమయానికి పెళ్ళికూతురు ఒక్కసారిగా రంగారావు అయిపోతుంది. హాలు గొల్లుమంటుంది, ఈలలు పడతాయి. అంతే, ఆ దెబ్బ విలువ అరనిమిషం. దానికోసం ఈ ట్విస్టు రచయిత ఏం పారేసుకున్నాడో లెక్క వేసుకోండి. సావిత్రి మగనడక నడిచి, గుర్తొచ్చి సర్దుకుని సిగ్గు నటించే ప్రతి క్షణం పోయింది. లక్ష్మణకుమారుడు పెళ్ళికూతుర్ని చూసి మురిసిపోతుంటే మనకొచ్చే నవ్వు పోయింది. శకుని ఎత్తులన్నీ ఎవరి ముందు వేస్తున్నాడో తెలిసిన మన ధీమా పోయింది. విడిదింట్లో తివాచీలు, పీటలు తిరగబడి కౌరవుల మనుషుల్ని ఆటాడిస్తుంటే అదెవరి పనో తెలియక బిక్కమొహం వేసుక్కూర్చుంటాం. పెళ్ళి వంటలన్నీ ఒక్కడే ఊడ్చేసే సన్నివేశం అర్థం లేని తిండిగోల అయిపోతుంది. సినిమా రెండో సగమంతా కూలిపోతుంది. మనకి తెలిసి, వాళ్ళకి తెలియకపోవడం ఒక్కటే ఆ సగాన్ని నిలబెట్టిన దూలం.

ప్రియదర్శిని పెట్టె కూడా ఈ పనికే. మూత తీసిన మనిషికి తనకి అత్యంత ఇష్టమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడికి ఎవరు కనిపించారు? శకుని. రాబోయే కథంతా ఆ పెట్టెలో చెప్పేశారు. ఎవరు ఎటు మొగ్గుతారో, ఎవరి ఆట ఎవరితోనో మొదట్లోనే మన చేతిలో పెట్టేశారు. మన హీరోయిన్ తల్లి చెడ్డదా, మంచిదా అని ఇంటర్వెల్ దాకా ఊరించాలనుకునే రచయిత ఈ ఒక్క సన్నివేశం దగ్గర వారం రోజులు కూర్చుంటే మంచిది.

2010 జనవరిలో ఈ సినిమాకి రంగులద్ది మళ్ళీ హాళ్ళలో వదిలారు. అప్పటికి యాభైమూడేళ్ళ సినిమా. టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. జనం టికెట్టు కొని వెళ్ళారు. కథ తెలిస్తే చూడరనే సూత్రం నిజమైతే ఆ హాళ్ళు ఖాళీగా ఉండాలి కదా.

మా ప్రాంతం వాళ్ళకి ఇది వింతగా అనిపించదు. కోడూరు నుంచి సముద్రం వైపు వెళితే హంసలదీవి. మాఘ పౌర్ణమికి అక్కడ వేణుగోపాలస్వామి ఉత్సవం, సముద్ర స్నానం. మా దివిసీమ తిరునాళ్ళలో రాత్రి పౌరాణిక నాటకం ఉండేది. రాయబారం సీనులో కృష్ణుడు ఏ పద్యం తర్వాత ఏ పద్యం ఎత్తుకుంటాడో గడ్డివాము మీద కూర్చున్నవాడికీ తెలుసు. తెలిసే వచ్చాడు. తెలిసిన పద్యానికే "వన్స్‌మోర్" అని అరిచేవాడు. ఆ పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళవారు బందరు హిందూ హైస్కూల్లో పంతులుగా పనిచేసినవారే. పైకి వెళితే కూచిపూడి. సత్యభామ అలుగుతుందనీ, చివరికి దిగొస్తుందనీ అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ సంగతి ఆట మొదట్లోనే తెలిసిపోయిందని ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. రాత్రి తెల్లవార్లూ కూర్చున్నారు.

ఇలాంటి బందరులో 1911లో పుట్టినవాడు కమలాకర కామేశ్వరరావు. సినిమాల్లోకి వెళ్ళకముందు ఆయన సినిమా విమర్శకుడు. ముట్నూరి కృష్ణారావుగారి 'కృష్ణా పత్రిక'లో 'సినిమా ఫాన్' పేరుతో రాసేవాడు. ఆ రోజుల్లో ఏమేం వచ్చేవో చూడండి. 1936 ఒక్క ఏడాదిలో ద్రౌపది వస్త్రాపహరణం మీదే రెండు సినిమాలు పోటీ పడ్డాయి, 'ద్రౌపదీ వస్త్రాపహరణం', 'ద్రౌపదీ మానసంరక్షణం'. కథ ఒకటే. కొత్తగా దాచడానికి ఏ ఒక్కరికీ ఏమీ లేదు. మొదటిది ఆడింది, బళ్ళారి రాఘవ అంతటివాడు నటించిన రెండోది ఆడలేదు. తెలిసిన కథని ఇద్దరు చెబితే జనం ఇద్దరికీ ఒకే మార్కులు వేయరు. ఆ తేడా ఎక్కడుందో వెతుక్కోవడమే విమర్శకుడి పని, ఆ పనిలో తలపండినవాడు తర్వాత మెగాఫోను పట్టుకున్నాడు. ఆయనకి 'పౌరాణిక బ్రహ్మ' అని బిరుదిచ్చి పక్కన కూర్చోబెట్టేశాం. అది మనం ఆయనకి చేసిన అన్యాయం. పౌరాణికమంటే కిరీటాల శాఖ అనుకున్నాం మరి.

ఆయన తీసిన 'నర్తనశాల' 1963లో వచ్చింది. రచన సముద్రాల రాఘవాచార్య. రంగారావుకి జకార్తాలో ఆఫ్రో ఏషియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చిందని అందరూ చెప్పుకుంటారు. దాని తెరకథ గురించి చెప్పుకునేవాళ్ళు తక్కువ. సరుకంతా అక్కడే ఉంది.

పాండవుల అజ్ఞాతవాసంలో దాచడమే కథ. అయితే ఎవరి దగ్గర దాస్తున్నారో చూడండి. విరాటుడి దగ్గర దాస్తున్నారు, కీచకుడి దగ్గర దాస్తున్నారు, దుర్యోధనుడి వేగులవాళ్ళ దగ్గర దాస్తున్నారు. మన దగ్గర దాచలేదు. కంకుభట్టు ఎవరో, వలలుడు ఎవరో, బృహన్నల ఎవరో మనకి మొదటి నుంచీ తెలుసు. గడువు ఒక ఏడాది. బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి. ఇదీ మనకి తెలుసు. ఇక సైరంధ్రి వైపు కీచకుడు చూసిన ప్రతి చూపూ మనకి గుచ్చుకుంటుంది. తనకి గంధర్వులు భర్తలని ఆమె బెదిరిస్తే వాడు నవ్వుతాడు. ఆ గంధర్వుల్లో ఒకడు వంటింట్లో గరిటె తిప్పుతున్నాడని వాడికి తెలీదు. ఆ నవ్వు మనకి భయమూ వేస్తుంది, కసీ పుడుతుంది. రెండూ ఒకేసారి రావాలంటే ముందుగా సంగతి తెలిసుండటం తప్ప వేరే మార్గం లేదు.

ఈ కథకి మూలమైన విరాటపర్వంలో ఒక ఘట్టం ఉంది. మాటలు రాసేవాళ్ళు రోజూ పొద్దున్నే ఒకసారి చదువుకోదగ్గది. కీచకుడు నిండు సభలో ద్రౌపదిని తంతాడు. ధర్మరాజు ఉన్నాడు, భీముడు చూస్తున్నాడు. భీముడి చూపు పక్కనున్న చెట్టు మీద పడుతుంది. పెరికితే సభలో ఒక్కడు మిగలడు. మిగిలితే రహస్యం మిగలదు. అప్పుడు ధర్మరాజు అనేది ఒకటే మాట: వంటవాడా, కట్టెల కోసం ఆ చెట్టు వైపు చూస్తున్నావా, కట్టెలు కావాలంటే బయటికి వెళ్ళి కొట్టుకో. సభలో ఉన్నవాళ్ళకి అది ఒక ముసలి బ్రాహ్మడు వంటవాడికి చెప్పిన సలహా. భీముడికి అది అన్నగారి ఆజ్ఞ. ద్రౌపదికి అది ఇంకో తన్ను. మనకి? మూడూ వినబడతాయి. ఒక వాక్యం, ముగ్గురు వినేవాళ్ళు, మూడు అర్థాలు. ఈ మాట పేలాలంటే మాట్లాడుతున్నది ధర్మరాజని మనకి తెలిసుండాలి. "కంకుభట్టే ధర్మరాజు!" అని చివర్లో బయటపెట్టే కథలో ఇది ఉత్త కట్టెల సంభాషణ, ఎడిటింగులో మొదట ఎగిరిపోయే ముక్క. మన రచయితలు పంచ్ డైలాగు కోసం ప్రాసలు వెతుక్కుంటున్నారు. ఇక్కడ ప్రాస లేదు, అరుపు లేదు. ఎవరికి ఏమి తెలుసన్న లెక్క ఒక్కటే పని చేసింది.

ఇంకా ఉంది. కీచకుణ్ణి చంపకపోతే ఆలి మానం పోతుంది. చంపితే? అంత బలవంతుణ్ణి చంపగలవాడు భూమ్మీద ఎందరున్నారని దుర్యోధనుడు వేళ్ళు లెక్కపెట్టుకుంటాడు. సైన్యాలు విరాటనగరం మీదికి వస్తాయి. నాయకుడి గెలుపే వాడి ప్రమాదానికి దారి వేసింది. "సెకండాఫ్ లాగ్" అని ఏడ్చేవాళ్ళు చూసుకోవలసిన ముడి ఇది. ఆ తర్వాత ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ళ మధ్య బీరాలు పలకడం, బృహన్నలని సారథిగా తీసుకెళ్ళడం వస్తాయి. రేలంగి నోరు తెరవకముందే హాల్లో నవ్వు మొదలయ్యేది. ఎందుకంటే పగ్గాలు పట్టుకున్నది ఎవరో ఆ కుర్రాడికి తప్ప అందరికీ తెలుసు. పక్కమాట: భీముడి వేషం కట్టిన దండమూడి రాజగోపాలరావు మా కృష్ణా జిల్లా గండిగుంట మనిషి, నిజంగానే బరువులెత్తిన వస్తాదు. చెట్టు పెరకగలడని ఎవరూ నమ్మించక్కర్లేదు.

ఇక అవతలివాళ్ళ దగ్గరున్న గట్టి ముక్కలు రెండు. మొదటిది 'బాహుబలి'లో కట్టప్ప. 2015 నుంచి 2017 దాకా దేశమంతా ఒకే ప్రశ్న అడిగింది, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని. ఇది ట్విస్టు సాధించిన ఘనవిజయమని చెప్పనివాడు లేడు. బాగా చూడండి. దాచిందేమిటి? బాహుబలి చనిపోయాడని దాచలేదు. చంపింది ఎవరో దాచలేదు. చంపినవాడి చేతనే ఆ మాట చెప్పించారు. దాచింది కారణం ఒక్కటే. రెండో భాగంలో కట్టప్ప, బాహుబలి కలిసి నవ్విన ప్రతి చోటా మన కడుపులో ఏదో తిప్పింది. ఆ కత్తి ఎవరి చేతిలో ఉండబోతోందో మనకి తెలియబట్టే. తెలియకుండా చూస్తే అవి మామూలు సరదా సీన్లు.

రెండోది 'దృశ్యం'. మలయాళంలో పుట్టి, 2014లో వెంకటేష్‌తో తెలుగులోకి వచ్చింది. చివర్లో శవం ఎక్కడుందో తెలిసినప్పుడు అందరం ఉలిక్కిపడ్డాం, కాదనను. ఆ ఉలికిపాటు అరనిమిషం. దానికి ముందు గంటన్నర మనల్ని కుర్చీ అంచున కూర్చోబెట్టిందేమిటి? చంపింది ఎవరో, ఎందుకో, అబద్ధం ఎలా అల్లారో మనకి మొత్తం తెలియడం. పోలీసులు చిన్నపిల్లని అడుగుతుంటే ఆ పిల్ల ఏం చెబుతుందోనని మనం ఊపిరి బిగబట్టాం. హత్య సంగతి మన దగ్గర కూడా దాచి చివర్లో చెప్పి ఉంటే అది మామూలు డిటెక్టివు సినిమా. హిచ్‌కాక్ ఈ సంగతిని ట్రూఫోతో మాట్లాడుతూ బల్లకింద బాంబు ఉదాహరణతో తేల్చేశాడు. చెప్పకుండా పేల్చితే పదిహేను సెకన్ల ఉలికిపాటు, ముందే చెప్పి అదే బల్ల దగ్గర ఇద్దర్ని కబుర్లాడిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. మనవాళ్ళు హిచ్‌కాక్ ఫోటో గోడకి తగిలించుకుంటారు, బాంబు మాత్రం ఇంటర్వెల్ దాకా జేబులో పెట్టుకుంటారు.

తెలిసిన కథ చెబితే చాలు, అదే ఆడేస్తుంది అని నేననడం లేదు. దానికి సాక్ష్యం కూడా కమలాకరవారి దగ్గరే ఉంది. 1954లో విజయావారు ఆయన చేత 'చంద్రహారం' తీయించారు. పింగళి రచన, రామారావు నాయకుడు, ఖర్చుకి వెనకాడలేదు. బోల్తా కొట్టింది. ఎందుకు? నాయకుడి ప్రాణం ఒక హారంలో ఉంటుంది. ఆ హారం ఇంకొకరి మెడలోకి పోతుంది. సంగతి మనకి తెలుసు, ప్రమాదమూ తెలుసు. అయినా పట్టు లేదు. ఆ నాయకుడు చేయగలిగిందేమీ లేదు మరి. హారం పోతే పడిపోతాడు, వస్తే లేస్తాడు. వాణ్ణి చూసి జాలిపడి ఊరుకుంటాం.

నర్తనశాలలో భీముడు కూడా చేతులు కట్టుకునే నిలబడ్డాడు. కానీ అతను చేయలేక నిలబడలేదు, చేయకూడక నిలబడ్డాడు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే 'చంద్రహారా'నికీ 'నర్తనశాల'కీ ఉన్న దూరం. ఆ దర్శకుడే తొమ్మిదేళ్ళలో ఆ దూరం నడిచాడు. దారిలో 1962లో 'గుండమ్మ కథ' తీశాడు. డి.వి.నరసరాజు మాటలు. జమీందారు కొడుకు నౌకరు వేషంలో గుండమ్మ ఇంట్లో పిండి రుబ్బుతాడు. "నేనెవరో తెలుసా" అని ఒక్క మాట అంటే చాలు, ఆమె నోరు మూతపడుతుంది. అనడు. అనకపోవడంలోనే సినిమా అంతా ఉంది. అతనెవరో దాచిపెట్టి పెళ్ళి తర్వాత బయటపెడితే ఎలా ఉండేదో ఊహించుకోండి. సూర్యకాంతం తిట్లు మనకి నవ్వు తెప్పించవు, కోపం తెప్పిస్తాయి.

ఇంత చెప్పడానికి కారణమైనవాడు మా ఊరివాడే. కృష్ణానగర్లో నాలుగైదేళ్ళుగా అసిస్టెంటు డైరెక్టరుగా తిరుగుతున్నాడు, నన్ను బాబాయ్ అంటాడు. ఉప్పెన మీద కథ రాసుకొచ్చాడు. మంచి పని. 1977 నవంబరు 19న దివిసీమ ఏమైందో సరిగ్గా తెర మీదికి ఎవరూ తేలేదని వాడి బాధ, నా బాధ కూడా. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేలమందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు ఊళ్ళే తుడుచుకుపోయాయి. గుండమ్మ ఇంట్లో అన్నదమ్ములుగా వేసిన ఆ ఇద్దరూ, నిమ్మకూరు రామారావూ, రామాపురం నాగేశ్వరరావూ, జోలె పట్టి వీధుల్లో చందాలు పోగుచేశారు.

వాడి స్క్రిప్టులో సంవత్సరం వేయలేదు, తేదీ వేయలేదు. ఫస్టాఫ్ అంతా ఒక ప్రేమకథ. పెళ్ళి కుదురుతుంది, పందిరి వేస్తారు, సన్నాయి మొదలవుతుంది. పెళ్ళికొడుకు తలెత్తి చూసేసరికి తాటిచెట్టంత కెరటం. ఇంటర్వెల్.

"బ్యాంగ్ ఎలా ఉంది బాబాయ్? ఎవడూ ఊహించడు" అన్నాడు.

"మన దివిసీమలోనా?" అన్నాను.

బయటివాళ్ళ సంగతి వేరంటాడు. బయటివాడు మాత్రం పోస్టరు చూడకుండా వస్తాడా? పోస్టరు మీద కెరటం వేయకుండా ఏ నిర్మాతైనా ఊరుకుంటాడా? టికెట్టు కొన్నవాడికి తెలిసిన సంగతిని గంటంపావు దాచడానికి వీడు ఫస్టాఫ్ మొత్తం ఖర్చుపెట్టాడు. 1997లో 'టైటానిక్' చూసినవాళ్ళలో ఓడ మునుగుతుందని తెలియనివాడు ఎవడు? జేమ్స్ కామెరూన్ దాచడానికి ప్రయత్నించలేదు సరికదా, మునిగిన ఓడని చూపిస్తూనే మొదలుపెట్టాడు.

తేదీ మొదటి షాట్లోనే వెయ్యమన్నాను. 1977 నవంబరు 12, శనివారం. అదొక్కటి వేస్తే చాలు. వీధిలో దీపావళి టపాకాయల కాగితాలు ఇంకా ఉన్నాయి. పొలంలో సార్వా పంట కోతకొచ్చింది. రైతు గట్టు మీద నిలబడి "ఎల్లుండి కాదు, ఆ పై సోమవారం కొడవలి పెడదాం" అంటాడు. మామూలు మాట. తేదీ తెలిసినవాడు లోపల లెక్కేసుకుంటాడు, సోమవారం అంటే ఇరవయ్యొకటి. పెళ్ళి ఇరవయ్యో తేదీ ఆదివారం అని శుభలేఖ మీద ఉంటుంది. ఆ శుభలేఖ ఎవరి చేతిలో కనిపించినా కెరటం కనిపించినట్టే. గ్రాఫిక్సు ఖర్చు లేదు.

అంతటితో ఆపితే అది చంద్రహారం అవుతుంది. వస్తున్న చావుని చూస్తూ కూర్చోవడం కథ కాదు. పెళ్ళికూతురి తండ్రి శుక్రవారం రేడియోలో తుఫాను సంగతి వింటాడు. విజయవాడలో బావగారి ఇల్లుంది, పిల్లల్ని తీసుకుని వెళ్ళగలడు. కానీ పందిరి పడింది, సరుకులు అప్పు మీద దిగాయి, మగపెళ్ళివాళ్ళు ఇంతకుముందు ఒకసారి ముహూర్తం మార్చినందుకే మొహం మాడ్చుకున్నారు. మళ్ళీ మారిస్తే సంబంధం తప్పుతుంది. వెళ్ళగలిగినవాడు వెళ్ళకుండా ఉంటాడు. అతను తెలివితక్కువవాడు కాదు. మన పెళ్ళిళ్ళు చేసిన ప్రతి తండ్రీ అలాగే ఉండేవాడు. నీ సినిమాలో భీముడు అతనే, ఆ పందిరే అతని చేతులు కట్టేసిన మాట, అన్నాను.

వాడు చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. "అంతా బానే ఉంది బాబాయ్. ఇంటర్వెల్ ఎక్కడ వెయ్యను? కెరటం ముందే చెప్పేస్తే బ్యాంగ్ ఏది? ప్రొడ్యూసర్ అదే అడుగుతాడు" అన్నాడు.

"పెద్దకూతురు ఎక్కడుంటుంది?"

"గుడివాడలో ఇచ్చారు."

"చెల్లెలి పెళ్ళికి రావాలిగా. శనివారం పొద్దున ముసురులో చంటిబిడ్డనెత్తుకుని గుడివాడలో బస్సెక్కించు. మొగుడు వద్దంటున్నా ఎక్కుతుంది. కండక్టరు రైట్ రైట్ అంటాడు. అక్కడ వెయ్యి ఇంటర్వెల్."

"బస్సెక్కడం ఇంటర్వెల్ బ్యాంగా?" అన్నాడు. నమ్మలేదు. ఇప్పటికీ నమ్మినట్టు లేదు, ఫోను చేస్తే మాట మారుస్తున్నాడు. కెరటం సీనుకి పెట్టే డబ్బులో పదో వంతు ఆ బస్సు సీనుకి పెట్టి తీయమనండి. అవనిగడ్డ హాల్లో కాదు, దివిసీమ పేరు కూడా వినని ఊళ్ళో వేయమనండి. నేల టికెట్టులో ఒక్కరైనా "దిగవే తల్లీ" అని పైకి అనకపోతే అప్పుడొచ్చి నాతో దెబ్బలాడమనండి.